మెషీన్ సున్నా అంది, బ్యాక్టీరియా ఒప్పుకోలేదు

గత నెలలో ఒక సాయంత్రం ఆరు దాటాక ల్యాబ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. ల్యాంపు ఆపేసి, బీకరులోంచి ఆఖరి శాంపిల్ తీసి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన నీళ్లను స్పెక్ట్రోమీటర్‌లో, అంటే నీళ్లు ఏ వెలుగును ఎంత పీల్చుకుంటున్నాయో గీత గీసి చూపే మెషీన్‌లో పెట్టాను. నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉంటే 270ల నానోమీటర్ల దగ్గర కొండలాగా ఒక పీక్ వస్తుంది. పొద్దున మొదలుపెట్టినప్పుడు ఆ కొండ ఎంత ఎత్తుందో నా కళ్లతో చూశాను. ఇప్పుడు లేదు, గీత నేలకు అతుక్కుపోయింది. లీటరుకు 20 మిల్లీగ్రాముల సిప్రో కలిపిన నీళ్లు అవి, అందులో మందు జాడ లేదని మెషీన్ చెబుతోంది. నాలుగు నెలలుగా ఈ గీత కోసమే చూస్తున్నా.

ఆ సంతోషంలో మొదట ఫోన్ చేసింది అమ్మకే. నేను చేసే పని అమ్మకు తెలుసు, లైటు వేస్తే నీళ్లలో మందు విరిగిపోయే పొడి అని ఎప్పుడో చెప్పాను. "అయితే మన వాగు నీళ్లు బాగైతయా బిడ్డా?" అని అడిగింది. "టైం పడుతుందమ్మా, కానీ అయితయి" అన్నాను. అట్లా అనకుండా ఉండాల్సింది.

మాది పటాన్‌చెరు పక్కన ఊరు. నక్కవాగు తెలిసినవాళ్లకు ఇంక చెప్పాల్సిన పని లేదు. తెలియనివాళ్ల కోసం: పటాన్‌చెరు చుట్టూ బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలున్నాయి, అంటే మాత్రలోకి వెళ్లే అసలు మందు పొడి తయారుచేసేవి. అక్కడి ఇసకవాగు నీళ్లు నక్కవాగులోకి, నక్కవాగు మంజీరలోకి, మంజీర గోదావరిలోకి వెళ్తాయి. మా తాత ఆ వాగు నీళ్లు మడికి పెట్టినవాడు. నాకు ఊహ తెలిసేసరికి వాగు పేరెత్తితేనే ఇంట్లో వాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు, బర్రెలను అటు తోలకూడదనేవాళ్లు. నేను కెమిస్ట్రీ తీసుకోవడానికి కారణం అదేనని ఇంటర్వ్యూలో చెబితే తయారుచేసుకొచ్చిన జవాబులా వినిపిస్తుందేమో, అయినా అదే నిజం.

2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన యోకిమ్ లార్సన్, ఆయన తోటివాళ్లు ఒక పరిశోధన పత్రం వేశారు. దాదాపు 90 ఫ్యాక్టరీల నీళ్లు వచ్చే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయిపోయాక బయటికి వదిలే నీళ్లను పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో కనిపించింది. అది శుద్ధి చేసిన తర్వాతి లెక్క. 500 మిల్లీగ్రాముల సిప్రో మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో మందు బాగా ఎక్కువగా ఉండేటప్పుడు లీటరుకు రెండు, రెండున్నర మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే జబ్బు చేసిన మనిషి ఒంట్లో ఉండే మందుకు పది రెట్లకు పైగా ఆ నీళ్లలో ఉంది. రోజుకు దాదాపు 45 కిలోల సిప్రో ఆ ఒక్క చోటి నుంచే పోతోందని వాళ్లు లెక్కగట్టారు. 2009లో ఇంకో పత్రం వచ్చింది, అందులో చుట్టుపక్కల చెరువుల్లోనూ, బావుల్లోనూ మందులు దొరికాయి. ఒక చెరువులోనైతే లీటరుకు 6.5 మిల్లీగ్రాముల సిప్రో. చెరువు నీళ్లలో! ఆ తర్వాత చాలా కంపెనీలు చుక్క నీరు బయటికి వదలని జీరో లిక్విడ్ డిశ్చార్జ్ పద్ధతికి మారాయి, ఇప్పుడు పరిస్థితి అచ్చం అప్పటిలాగే ఉందని నేను అనను. కానీ నేను పనిచేసే పొడి ఏ నీళ్లను దృష్టిలో పెట్టుకుని చేస్తున్నదో అర్థం కావాలంటే ఆ 31 అనే అంకె గుర్తుండాలి, కింద మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

నీళ్లలో యాంటీబయాటిక్ ఉంటే తాగినవాళ్లకు విషం ఎక్కుతుందని చాలామంది అనుకుంటారు. అసలు భయం అది కాదు. ఆ మందును తట్టుకునే బ్యాక్టీరియా మాత్రమే బతికి, మిగతావి చచ్చి, తట్టుకునే గుణం ఉన్న జన్యువు పక్క బ్యాక్టీరియాకు అందుతూ పోతుంది. రేపు ఆసుపత్రిలో ఎవరికో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే మామూలు మందు పనిచేయదు. 2019లో ప్రపంచం మొత్తం మీద 12 లక్షల 70 వేల మంది నేరుగా ఈ మొండి బ్యాక్టీరియా వల్లే చనిపోయారని 2022లో లాన్సెట్‌లో వచ్చిన అంచనా.

ఇక పొడి సంగతి. దీన్ని ఫోటోకెటలిస్ట్ అంటాం, వెలుగు పడితే పనిచేసే ఉత్ప్రేరకం. అందరికీ తెలిసింది టైటానియం డయాక్సైడ్, గోడలకు వేసే తెల్ల పెయింటులో తెలుపు అదే. మన భీమిలి తీరంలో నల్ల ఇసుక ఉంటుంది కదా, దాంట్లోని ఇల్మెనైట్ నుంచి తీసేదే ఆ టైటానియం. 1972లో జపాన్‌లో ఫుజిషిమా, హోండా అనే ఇద్దరు దీని మీద వెలుగు వేసి నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టి చూపించారు, ఈ దారి అక్కడి నుంచి మొదలైంది.

ఎట్లా పనిచేస్తుందో చెప్పమంటే నేను ఆర్టీసీ బస్సుతో చెబుతాను. ఎలక్ట్రాన్ తన సీట్లో కూర్చుని ఉంటుంది. తగినంత శక్తి ఉన్న వెలుగు తగిలితే లేచి పైకి వెళ్తుంది, కింద సీటు ఖాళీ. కానీ ఆ సీటు మీద కర్చీఫ్ వేసి వెళ్లినట్టే, క్షణంలో వెయ్యోవంతు కూడా కాదు, అంతకంటే లక్షల రెట్లు తక్కువ సమయంలో తిరిగొచ్చి కూర్చుంటుంది. అట్లా కూర్చుంటే వెలుగంతా వేడిగా మారి వృథా. ఆలోపే నీరు వచ్చి ఖాళీ సీటును పట్టుకోవాలి, ఆక్సిజన్ వచ్చి లేచిన ఎలక్ట్రాన్‌ను దింపుకుని పోవాలి. అప్పుడు పుట్టేవే హైడ్రాక్సిల్ రాడికల్, సూపర్ ఆక్సైడ్ లాంటి చురుకైన కణాలు. హైడ్రాక్సిల్ రాడికల్‌కు ఆకలెక్కువ, ఎదురొచ్చిన ఏ కర్బన పదార్థాన్నయినా కొరుకుతుంది. సిప్రో అణువులో పక్కన వేలాడే పైపరజీన్ ఉంగరాన్ని మొదట విరుస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా నడుమ ఉన్న క్వినొలోన్ చట్రం మీదికి వస్తుంది, ఫ్లోరిన్ ఊడి ఫ్లోరైడుగా నీళ్లలోకి పోతుంది. పూర్తిగా నడిస్తే చివరికి మిగిలేవి కార్బన్ డయాక్సైడు, నీళ్లు, కాస్త లవణాలు. మా రంగంలో సగం జీవితాలు ఆ ఎలక్ట్రాన్ తిరిగొచ్చి కూర్చోకుండా చూడటానికే ఖర్చవుతున్నాయి. వెండి కలపడం, రెండు రకాల పొడులు అతికించడం, అన్నీ అందుకే.

టైటానియం డయాక్సైడ్‌తో చిక్కు ఏమిటంటే దానికి 388 నానోమీటర్ల లోపు వెలుగే, అంటే అల్ట్రావయొలెట్టే కావాలి. ఎండలో అది నాలుగైదు శాతమే. మే నెల ఎండ నెత్తి మాడ్చేస్తున్నా అందులో 95 శాతం ఈ పొడికి పనికిరాదు. అందుకే నేను గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ పట్టుకున్నాను, అది నీలం వెలుగును కూడా, దాదాపు 460 నానోమీటర్ల వరకు, వాడుకోగలదు. తయారీ కూడా సులువు. మూత పెట్టిన క్రూసిబుల్‌లో యూరియా పోసి మఫిల్ ఫర్నేస్‌లో 550 డిగ్రీల దగ్గర ఉంచితే అమ్మోనియా ఘాటంతా పోయాక లేత పసుపు పొడి మిగులుతుంది. చాలా కొద్దిగా మిగులుతుంది, క్రూసిబుల్ నిండా పోస్తే అడుగున ఇంత. మొదటిసారి చేసినప్పుడు బాపు గుర్తొచ్చాడు. ఆయన మడిలో చల్లే యూరియాయే ఇది కూడా, కాకపోతే మాది సీసాలో వచ్చే శుద్ధమైన రకం.

సరే, ఆ మర్నాటి సంగతికి వస్తాను.

మైక్రోబయాలజీలో నాకు జూనియర్ ఒకమ్మాయి ఉంది. నా గ్రాఫు చూసి "అక్కా, సున్నా అని మెషీన్ అంటోంది సరే, బ్యాక్టీరియాను అడిగావా?" అంది. అడగలేదు. మిగిలిన నీళ్లు ఇస్తే 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టి, గొట్టాల్లో పోసి, అంతే పరిమాణంలో బ్యాక్టీరియా తినే బ్రాత్ కలిపి, ల్యాబ్‌లో వాడే మామూలు ఈకొలై బ్యాక్టీరియా వేసి 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో పెట్టింది. బ్యాక్టీరియా పెరిగితే బ్రాత్ మబ్బుపడుతుంది. పెరగకపోతే తేటగా ఉంటుంది. నీళ్ల పనిలో ఉన్నవాళ్లం తేటగా ఉంటే సంబరపడతాం, ఇక్కడ మాత్రం తిరగబడింది, తేటగా ఉంటే ఇంకా మందు ఉన్నట్టు.

పొద్దున తొమ్మిదింటికి వెళ్లి చూస్తే నా గొట్టాలు మూడూ అద్దంలా తేటగా ఉన్నాయి.

మొదట పొడి మీద అనుమానం వచ్చింది, నీళ్లలో మిగిలిన పొడి రేణువులో, వెలుగు వల్ల పుట్టిన పెరాక్సైడో బ్యాక్టీరియాను చంపుతున్నాయేమోనని. కానీ ఆమె తెలివిగా ఇంకో గొట్టం కూడా పెట్టింది, సిప్రో వేయని నీళ్లకు అదే పొడి, అదే వెలుగు, అంతే సమయం. అది చక్కగా మబ్బుపడింది. అయితే తప్పు పొడిది కాదు. రెండో అనుమానం విరిగిన ముక్కల మీద. సిప్రో విరిగాక వచ్చే ముక్కల్లో క్వినొలోన్ చట్రం అట్లాగే ఉన్నవి కొన్ని ఉంటాయి, బ్యాక్టీరియాలో డీఎన్ఏ చుట్టలు విప్పే ఎంజైమును పట్టుకునేది ఆ చట్రమే కాబట్టి ముక్కలు కూడా మందులా పనిచేస్తున్నాయేమో అని. దీని మీద 2010లో టైటానియం డయాక్సైడ్‌తో చేసిన మంచి పరిశోధన ఉంది, సిప్రో ఎంత తగ్గితే నీళ్లకు బ్యాక్టీరియాను చంపే శక్తి కూడా సరిగ్గా అంతే తగ్గిందని, ముక్కలకు చెప్పుకోదగ్గ శక్తి లేదని వాళ్లు చూపించారు. అది చదివి కొంత ఊపిరి పీల్చుకున్నాను.

మరి చంపిందెవరు? మిగిలిపోయిన సిప్రోయే. మెషీన్ చూడలేనంత కొద్దిగా మిగిలింది, బ్యాక్టీరియాకు అదే చాలా ఎక్కువ.

నా స్పెక్ట్రోమీటర్ పాతది, లీటరుకు 0.2 మిల్లీగ్రాముల కింద నమ్మకంగా ఏమీ చెప్పలేదు. 20లో 0.2 అంటే 99 శాతం పోయినట్టే, పేపరు రాసుకోవడానికి చక్కటి అంకె. కానీ పరీక్షల్లో వాడే మామూలు ఈకొలైని ఆపడానికి లీటరుకు 0.004 నుంచి 0.016 మిల్లీగ్రాముల సిప్రో చాలు. బ్రాత్ కలిపాక నా నీళ్లు సగానికి పలచబడి 0.1 ఉన్నా, అది కావాల్సిన దానికి ఆరు రెట్ల పైనే. అంటే ఆ సూక్ష్మజీవి నా మెషీన్ కంటే ఎన్నో రెట్లు బాగా చూడగలదు. ఇంత చిన్న లెక్క ముందే వేసుకుని ఉండాల్సింది. నేను మాత్రం గీత నేలను తాకడమే గమ్యం అనుకున్నాను. నేను చదివిన పేపర్లలో చాలావాటికి కూడా అదే గమ్యం, అందుకే అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం అన్నం తినకుండా ఇంకో లెక్క వేశాను. బ్యాక్టీరియాలో మొండితనం పెరగకుండా ఉండాలంటే నీళ్లలో సిప్రో లీటరుకు 0.06 మైక్రోగ్రాములు దాటకూడదని ఈ రంగంలో వాడే హద్దు. పటాన్‌చెరులో 2007లో దొరికింది మైక్రోగ్రాముల్లో చెబితే 31,000. భాగిస్తే ఐదు లక్షల రెట్లు. ఇప్పుడు నా 99 శాతాన్ని అక్కడ పెట్టండి. 31,000లో ఒక శాతం 310 మైక్రోగ్రాములు, అది హద్దుకు ఐదు వేల రెట్లు. 99.9 శాతం తీసేస్తే 31, ఐదు వందల రెట్లు. 99.99 శాతం తీసేసినా ఇంకా యాభై రెట్లు పైనే ఉంటాం. మా రంగంలో "95 శాతం తొలగింపు" అని శీర్షికలోనే రాసుకుంటాం, అది చూసి చప్పట్లు కొడతాం. అంత మురికి నీళ్లకు 95 శాతం అంటే ఏమీ చేయనట్టే. శాతాలు రాయడం మానేసి ఎంత మిగిలిందో రాయాలని, దాన్ని హద్దు పక్కన పెట్టి చూపించాలని మా గ్రూపు మీటింగులో చెప్పాను. కొందరు ఒప్పుకున్నారు. ఒకరు "అట్లా రాస్తే ఏ పేపరూ బాగా కనబడదు" అన్నారు. బాగా కనబడకూడదు కూడా, ఇంకా బాగు కాలేదు కదా!

ఇదంతా డిస్టిల్డ్ వాటర్‌లో. అసలు ఫ్యాక్టరీ నీళ్లలో ఉప్పు ఉంటుంది, బైకార్బొనేట్ ఉంటుంది, సాల్వెంట్లు ఉంటాయి, పదిరకాల వేరే మందులు ఉంటాయి. హైడ్రాక్సిల్ రాడికల్ ఎదురొచ్చిన దాన్నల్లా కొరుకుతుందని పైన చెప్పాను కదా, అదే దాని బలం, అదే బలహీనత. సిప్రో కోసం ఆగదు. బైకార్బొనేట్ ముందొస్తే దాన్నే కొరికి చల్లబడుతుంది. బైకార్బొనేట్ ఉండే ల్యాబ్ కుళాయి నీళ్లలో అదే ప్రయోగం చేస్తే, ఇంకే మురికీ కలపకుండానే, సమయం చాలా ఎక్కువ పట్టింది. పైగా రంగున్న నీళ్లలోకి వెలుగు రెండు మూడు సెంటీమీటర్లు దిగేసరికే చచ్చిపోతుంది. చెరువంత లోతు నీళ్లలో పొడి చల్లితే అడుగున ఉన్నది చీకట్లో పడి ఉంటుంది. ఇంత సన్నటి పొడిని తిరిగి తీసుకోవడం ఇంకో తలనొప్పి. నీళ్లలోంచి మందు తీసేసి పొడి వదిలేస్తే ఏం లాభం? గాజు పూసల మీద అతికిస్తే చేతికి దొరుకుతుంది, కానీ నీళ్లను తాకే వైశాల్యం తగ్గి పని నెమ్మదిస్తుంది. ఇనుప ఆక్సైడు కలిపి అయస్కాంతంతో లాగేవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి "వాగులో చల్లితే వాగు బాగవుతుంది" అనే మాట ఎవరైనా అంటే, దయచేసి నమ్మకండి. అమ్మకు కూడా మళ్లీ ఫోన్ చేసి అదే చెప్పాను. ఈ పొడికి తగిన చోటు వాగు కాదు, ఫ్యాక్టరీ లోపల, మందు తయారయ్యే రియాక్టర్ కడిగిన నీళ్లు వేరే వాటితో కలవకముందే. అక్కడ నీళ్లు కొద్ది, మందు ఎక్కువ, అందులో ఏమున్నాయో ఫ్యాక్టరీ వాళ్లకు తెలుసు. 90 ఫ్యాక్టరీల నీళ్లు ఒకే తొట్టెలో కలిశాక, ఆ పైన 18 కిలోమీటర్ల పైపులో హైదరాబాద్‌లోని అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం దాకా వెళ్లి ఊరి మురుగు నీటితో కలిశాక, నా పొడి అయినా ఇంకోటి అయినా దిక్కుతోచక తిరగాల్సిందే. మనుషుల పేగుల్లోంచి వచ్చిన బ్యాక్టీరియా ఉన్న మురుగులోకి యాంటీబయాటిక్ ఉన్న నీళ్లు కలపడం అంత తప్పు పని ఇంకోటి లేదని నా గట్టి అభిప్రాయం.

నిజం చెప్పాలంటే పెద్ద ఎత్తున ఇవాళ నడుస్తున్నవి వేరే పద్ధతులు. స్విట్జర్లాండ్‌లో 2016 నుంచి అమల్లో ఉన్న చట్టం కొన్ని మురుగు శుద్ధి కేంద్రాలు ఇలాంటి మందుల అవశేషాలను తీసేయాలని చెబుతుంది, అక్కడ ఎక్కువగా ఓజోన్, యాక్టివేటెడ్ కార్బన్ వాడతారు. స్పెయిన్‌లో అల్మేరియా దగ్గరి సౌర పరిశోధన కేంద్రంలో ఎండతో, ఇనుముతో, హైడ్రోజన్ పెరాక్సైడుతో నడిచే ఫోటో ఫెంటన్ మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో కూడా ఫోటోకెటలిస్టుల మీద చాలాకాలంగా పని జరుగుతోంది. నా పొడి ఒక్కటే అన్నీ చేయాలని నాకు లేదు. మొదట మామూలు శుద్ధి, తర్వాత చివర్లో మొండిగా మిగిలిన ఆ కొద్ది మైక్రోగ్రాముల కోసం వెలుగు, ఆ మెట్టు దగ్గర ఇది నిలబడగలదని నా నమ్మకం. మనకు ఎండ కొదవ లేదు కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది చెప్పేటప్పుడు నాకు కోపం వస్తుంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ మందుల ఫ్యాక్టరీల నీళ్లలో యాంటీబయాటిక్ ఎంతవరకు ఉండొచ్చో హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది, 121 యాంటీబయాటిక్‌ల పేర్లున్నాయి అందులో. అట్లాంటి హద్దులు పెట్టబోతున్న మొదటి దేశాల్లో మనం ఉన్నామని చాలామంది మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది, ఆ హద్దులు అందులో లేవు. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది, అవి కూడా చట్టం కావు. హద్దే లేనప్పుడు, ఖర్చు పెట్టి నా పొడినో, ఓజోన్‌నో ఏ కంపెనీ ఎందుకు కొంటుంది? మంచి పొడి తయారుచేయడం నా పని, చేస్తాను. కానీ ఆ పొడిని వాడి తీరాల్సిన అవసరాన్ని ల్యాబ్‌లో తయారుచేయలేను.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, ప్రతి ప్రయోగానికీ రెండు పరీక్షలు పెట్టాను, ముందు మెషీన్, ఆ తర్వాత గొట్టం. మెషీన్ సున్నా అన్నాక కూడా ల్యాంపు ఆపకుండా ఇంకో గంట, రెండు గంటలు, మూడు గంటలు ఉంచి, గంటకో శాంపిల్ ఇస్తున్నాను. జూనియర్ అమ్మాయి ఓపికగా అన్నిటినీ ఇన్‌క్యుబేటర్‌లో పెడుతోంది. మొన్న సోమవారం పొద్దున ఆమె నుంచి వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. వరుసగా ఐదు గొట్టాలు, మొదటి నాలుగు తేటగా, ఐదోది పల్చటి మజ్జిగలా మబ్బుగా ఉంది. ఐదోది మూడు గంటలు అదనంగా ఉంచింది. మబ్బుపడిన గొట్టాన్ని చూసి ఇంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

కుళాయి నీళ్లతో చేసినవి ఐదూ ఇంకా తేటగానే ఉన్నాయి. బైకార్బొనేట్‌ను ముందే తగ్గించి చూడాలి, ఆమ్లం కొంచెం కలిపితే అది కార్బన్ డయాక్సైడుగా పైకి పోతుంది, కానీ ఆమ్లం కలిపితే సిప్రో మీది విద్యుదావేశం మారి పొడికి అతుక్కునే తీరూ మారుతుంది. రేపు పొద్దున పీహెచ్ ఐదు దగ్గర మొదలుపెడుతున్నాను.